ట్యాబుల యమరికయు విద్యార్థుల చాపల్యమును

నేటి విద్యార్థులకు ఒక్క విషయముపై మనస్సు నిలుచుట లేదనియు, కంప్యూటరు ముందు కూర్చున్నచో పది పుటలు తెఱచి ఒక్కటియు తుదముట్ట చదువరనియు తలిదండ్రులును, ఉపాధ్యాయులలో ననేకులును వాపోవుట తఱచుగా వినుచున్నాము. ఈ దోషమునకు చాపల్యమని పేరు పెట్టి, దానిని బాలబాలికల శీలమునకే అంటగట్టుట పరిపాటియైనది. నేనీ యభిప్రాయముతో పూర్తిగా నేకీభవింపజాలను. బాలుని మందలించుటకు ముందు వాని యెదుటనున్న తెరపై పుటలు ఏ వరుసలో, ఎంత చోటులో, పేరు కనబడునట్లో కనబడనట్లో అమర్చబడి యున్నవో చూడవలెనని నా మనవి. బల్ల యొక కాలు కుఱుచయై ఊగుచున్నచో, దానిపై వ్రాసిన బాలుని దస్తూరిని మాత్రమే తప్పు పట్టుట న్యాయము కాదు గదా!

ఇచ్చట ట్యాబు అనగా నేమో ముందుగా చెప్పవలసి యున్నది. మన రాష్ట్రములో ఈ మాట వినగానే, 2022 డిసెంబరులో ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పంచిపెట్టిన పలకవంటి యంత్రమే తలిదండ్రులకు స్ఫురించును. నేను చెప్పునది అది కాదు. బ్రౌజరులో ఒక పుట తెఱచి యుండగా మఱియొక పుట తెఱచినచో, తెర పైభాగమున రెండు పేరుచీటీలు ప్రక్కప్రక్కన కనబడును. ఆ చీటీలే ట్యాబులు. కార్యాలయములలో ఫైళ్ల యంచున పొడుచుకొని యుండు చీటీలనుండియే ఈ పేరు వచ్చినది. మన పాదిరిగారల బైబిళ్లలో ఆదికాండము, నిర్గమకాండము మొదలుగా గ్రంథముల పేర్లు పుటల యంచున అర్ధచంద్రాకారముగా కోసిన గంటులలో నుండుట మీలో చాలమంది చూచియే యుందురు. అవియు నొకవిధమైన ట్యాబులే. అయితే ఆ బైబిలు కూర్చినవారు ఆ గంటులను పుటకు పైయంచున గాక ప్రక్కయంచున, పైనుండి క్రిందికి మెట్లవలె నమర్చిరి. బొటనవ్రేలు చేరుటకును, పేరు అడ్డముగా చదువుటకును అదియే అనువైన చోటు. ఈ స్వల్పవిషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

బ్రౌజరులలో మొదట ట్యాబులు వాడుకలో లేవు. ఒక్కొక్క పుటకు ఒక్కొక్క విండో తెఱచుకొనుచుండెడిది. 1997లో నెట్‌క్యాప్టరు అను బ్రౌజరును, అటుపిమ్మట ఓపెరా, మొజిల్లాలును ఈ పద్ధతిని వ్యాపింపజేసినవి. 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఏడవ కూర్పు కూడ దీనిని స్వీకరించిన తరువాత ట్యాబులు లేని బ్రౌజరు ఊహకందనిదైనది. అన్నిటియందును ట్యాబులకు తెర పైభాగముననే అడ్డవరుసలో చోటిచ్చిరి. అది ఎందులకట్లుండవలెనని అడిగినవారు మిక్కిలి తక్కువ.

ఆ వరుస పనిచేయు తీరు గమనింపుడు. సామాన్యమైన ల్యాపుటాపు తెరపై ఐదాఱు ట్యాబులు తెఱచువఱకు పేర్లు చక్కగా కనబడును. ఆపైన ప్రతి క్రొత్త ట్యాబును తక్కినవాని చోటును కొంత హరించును. క్రోము బ్రౌజరులో సాధారణముగా అవి అట్లే కుదియుచు, తుదకు పేరు పూర్తిగా పోయి, సైటు యొక్క చిన్న గుఱుతు మాత్రము మిగులును. ఫైరుఫాక్సులో అవి కొంతవఱకు కుదిసి, అటుమీద కుదియక తెర యంచు దాటి మఱుగున పడును. వానిని చూచుటకు బాణపు గుఱుతు నొత్తుచు పోవలెను. ఒకచోట అందఱును సభలో నున్నారు గాని ఎవరికిని పేరు లేదు. ఇంకొకచోట పేర్లున్నవి గాని సగముమంది వాకిలి వెలుపల నున్నారు. ఈ రెండు సంకటములలో మన పిల్లలకు ఏది దొరకునో అది వారు తెఱచిన బ్రౌజరును బట్టి యుండును.

ఇందులో తెలుగు చదువువారికి కష్టము మఱింత హెచ్చు. మన యక్షరములు వెడల్పైనవి. వత్తులును, గుడులును చేరినపుడు ఒక్క పదమే ట్యాబునంతయు ఆక్రమించును. ఇంగ్లీషున నాలుగు మాటలు పట్టు చోట మనకు ఒకటిన్నర మాట పట్టుట గొప్ప. దీనికితోడు శీర్షికలు పెట్టువారి యజాగ్రత్త యొకటి. అనేక కార్యాలయముల సైటులలో ప్రతి పుట శీర్షికయు ఆ సంస్థ యొక్క దీర్ఘమైన పేరుతో ప్రారంభమై, అసలు విషయము చివర వచ్చును. అట్టి సైటునందు దరఖాస్తుపుట, నియమములపుట, రుసుముపుట అని మూడు తెఱచినచో మూడు ట్యాబులపైనను సంస్థ పేరులోని మొదటి మాటయే కనబడును. 2003 డిసెంబరులో నారంభమైన తెలుగు వికీపీడియా ఈ విషయమున మెచ్చదగినది. అందు వ్యాసము పేరు ముందును, వికీపీడియా యను మాట తరువాతను వచ్చును.

ఈ యమరిక వలన చదువునకు కలుగు హాని యెట్టిదో చెప్పెదను. పదియవ తరగతి విద్యార్థిని యొకతె సాంఘికశాస్త్రపు ప్రాజెక్టుకై మన కృష్ణా తీరమున వచ్చిన తుఫానులను గూర్చి వ్రాసెను. ఆమె శ్రద్ధగల పిల్ల. దస్తూరి ముత్యములవలె నుండును. ఆమె వ్రాతలో 1977 నాటి దివిసీమ యుప్పెనలో ముప్పదివేలమందియు, 1990 మే నెల తుఫానులో పదివేలమందియు మరణించిరని యుండెను. ముప్పదివేలు అను సంఖ్య 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచివేసిన యుప్పెనకు చెప్పునది. పదివేలకు పైబడిన మరణములు 1977 నవంబరు 19వ తేదీకి సంబంధించినవి. 1990లో మృతుల సంఖ్య వేయికి లోపుగనే యుండెను. అనగా ప్రతి సంఖ్యయు ఒక్కొక్క ట్యాబు కుడివైపునకు జరిగినది!

నేనామె ప్రక్కన కూర్చుండి, ఎట్లు చదివితివమ్మా యని యడిగితిని. ఆమె పందొమ్మిది ట్యాబులు తెఱచి యుండెను. శీర్షికలలో సగము ‘ఆంధ్ర’ యనియు, తక్కినవి ‘కృష్ణా’ యనియు ప్రారంభమగునవే. తెరపై ఒక చిన్న గుఱుతును, దాని ప్రక్కన అరయక్షరమును తప్ప మఱేమియు కనబడుట లేదు. ఏ పుటలో ఏ సంవత్సరమున్నదో గుర్తించుటకు ఆమె ఎడమనుండి ఎన్నవదియను లెక్క పెట్టుకొనుచుండెను. నడుమ ఒక లంకె నొత్తగానే క్రొత్త ట్యాబు వరుస చివర గాక, తానున్న ట్యాబు ప్రక్కనే వచ్చి కూర్చుండెను. లెక్క తప్పినది. “అయ్యగారూ, ఇందాక ఇక్కడనే యుండెను” అని ఆమె కన్నులనీరు పెట్టుకొనెను.

ఈ పొరపాటు చిన్నదని యెవరైన ననవచ్చును. నాకట్లు తోచదు. 1977లో పదివేలకు పైగా పోయిన తీరముననే, పదుమూడేండ్లకు వచ్చిన పెద్ద తుఫానులో వేయికి లోపుగా పోవుటకు ముఖ్యకారణము, ముందుగా హెచ్చరిక చేసి లక్షకు పైగా జనులను సురక్షితస్థలములకు తరలించుటయే. ఆ ప్రాజెక్టులో నేర్చుకొనదగిన పాఠమంతయు ఆ రెండు సంఖ్యల మధ్యనున్న వ్యత్యాసములోనే యున్నది. సంఖ్యలు జరుగుటతో పాఠమే జారిపోయినది. దివిసీమలో బంధువులు గల యింటి బిడ్డకు, హెచ్చరిక ప్రాణములు కాపాడునని తెలియుటయు తెలియకుండుటయు సమానము కాదు. ఇంతకును ఆమె చపలయా? పందొమ్మిది పుటలు వెదకి తెచ్చిన పిల్లను చపల యనుటకు నాకు నోరు రాదు.

మన డెల్టావాసులకు ఈ సంగతి వేఱొకవిధముగా చెప్పిన సులువుగా బోధపడును. 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి, 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చిన తరువాతను, నీరు ఏ పొలమునకు ముందు చేరును, ఏ పొలమునకు తరువాత చేరును అనునది రైతు కష్టముపై గాక కాలువ యమరికపై ఆధారపడి యున్నది. బెజవాడలో ఏలూరు కాలువ, రైవసు కాలువ, బందరు కాలువ చీలిపోవుచోట నిండుగా పాఱు నీరు, శివారు భూములకు చేరునప్పటికి సన్నగిలును. శివారు రైతు సోమరి యని ఎవరును అనరు. ట్యాబుల వరుసకును శివారు కలదు. ప్లస్ గుఱుతు నొత్తి తెఱచిన పుటలు కుడివైపు చివరకు పోయి చేరును. సాయంకాలము కంప్యూటరు గది మూయుటకు పోయినపుడు నేను చూచుచుందును: చదువక విడిచినవి హెచ్చుగా ఆ చివరివే. బాలుని దృష్టి యనెడి నీరు అంతదూరము పాఱుట లేదు.

అట్లయిన ట్యాబులను ఎచ్చట పెట్టవలెను? ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పిన పాఠములలో నల్లబల్లను విభజించుట యొకటి. ఎడమవైపున సన్నని పట్టీ విడిచి అందు ఆనాటి పాఠపు శీర్షికలు వరుసగా ఒకదాని క్రింద నొకటి వ్రాయవలెను. గంట గడచువఱకు వానిని చెఱుపరాదు. లెక్కలును, పటములును కుడివైపున వ్రాయుచు చెఱుపుచు నుండవచ్చును. వెనుకబల్లపై కూర్చున్న బాలుడు నడుమ కొంతసేపు ఏమఱినను, ఎడమవైపు చూచి పాఠము ఎంతవఱకు వచ్చినదో తెలిసికొనును. ట్యాబులను తెర యెడమప్రక్కన నిలువుగా పేర్చు పద్ధతి సరిగా ఇట్టిదే. ఫైరుఫాక్సునకు ‘ట్రీ స్టైల్ ట్యాబ్’ అను అనుబంధమును వాడువారు చాలకాలముగా దీని నెఱుగుదురు. మైక్రోసాఫ్టు వారి ఎడ్జి బ్రౌజరులో 2021 మార్చినుండియు, ఫైరుఫాక్సులో అనుబంధ మక్కఱలేకయే 2025 మార్చినుండియు ఈ యమరిక లభించుచున్నది.

నిలువు వరుసలో ట్యాబులు పెరిగినకొలది పేర్లు కుదియవు. జాబితా క్రిందికి పెరుగును. ఇరువది పుటలున్నను ఇరువది శీర్షికలు అడ్డముగా, చదువుటకు వీలుగా నుండును. ఇఱుకైన బీరువాలో నిలువుగా కుక్కిన పుస్తకముల వీపులపై పేర్లు చదువుటకు మెడ వంచవలెను. వానినే బల్లపై ఒకదానిపై నొకటి పేర్చినచో కూర్చున్నచోటునుండియే చదువవచ్చును. మఱియు నేటి తెరలు ఎత్తునకంటె వెడల్పు హెచ్చుగా గలవి. వ్యాసములు నడుమ నొక పట్టీగా వచ్చి, రెండు ప్రక్కలను చోటు వట్టిగా పడియుండును. పైన నున్న కొఱతచోటును పొదుపు చేసి, ప్రక్కన నున్న మిగులుచోటును వాడుకొనుట గృహిణులందఱు ఎఱిగిన గృహనిర్వహణమే.

దీనికి ఒక యాక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది కాదు. జాబితాకు చోటు హెచ్చిన, ట్యాబులును హెచ్చును. పైవరుస ఇఱుకగుటవలన విసుగు పుట్టి కొన్నిటినైన మూయుచుందుము. ప్రక్కవరుసలో ఆ విసుగు లేదు గనుక నూఱు పుటలు చేరినను ఎవరికిని బాధ లేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2021లో ఈ విషయమును విచారించిరి. ట్యాబులు మూసినచో అవి మఱల దొరకవను భయముచేతను, చేయవలసిన పని మఱచిపోవుదుమను శంకచేతను జనులు వానిని మూయజాలకున్నారని వారు కనుగొనిరి. తెఱచి యున్న ట్యాబు చదువుచున్న పుట కాదు, చదువవలెనని మ్రొక్కుకొన్న పుట. బేతనియలోని మార్తవలె అనేకమైన పనులు ముందు పెట్టుకొని తొందరపడువారికి, పనుల పట్టిక పొడవగుట సహాయము కాదనుట నిజమే.

కావున నా తీర్పు ఏకపక్షము కాదు. రైలు టిక్కెట్టు కొనుట, పరీక్షాఫలితము చూచుట, బస్సువేళలు తెలిసికొనుట మొదలగు పొట్టిపనులకు పైవరుసయే మేలు; దాని యిఱుకుదనమే కాపలా. పది పుటలు సరిపోల్చి వ్రాయవలసిన విద్యార్థికి మాత్రము ప్రక్కవరుస కావలెను. దానితోపాటు సంఖ్యకు మేర కూడ ఉండవలెను. ఆ మేర ఎనిమిదిగా నుండుట మంచిదని నా యుద్దేశము. ఇది శకునము చూచి చెప్పినది కాదు. కంట్రోలు మీటతో 1 మొదలు 8 వఱకు ఏ అంకె నొత్తినను ఆ సంఖ్యగల ట్యాబు కనులయెదుట నిలుచును. 9 నొత్తిన చివరి ట్యాబునకు పోవును. ఎనిమిదింటివఱకు చేతివ్రేళ్లు చేరును. మూసినది మఱల దొరకదను భయమునకు మందు కూడ కీబోర్డులోనే కలదు. కంట్రోలు, షిఫ్టు, టి మీటలు కలిపి యొత్తినచో ఇప్పుడే మూసిన ట్యాబు తిరిగి తెఱచుకొనును. ఇది చూపినదినమున పిల్లలు ధైర్యముగా ట్యాబులు మూయుట నేను చూచితిని. భయము పోయినవెంటనే పోగుచేయు వాడుకయు సగము పోయెను.

సెల్‌ఫోను సంగతి వేఱు. అందు వరుసయే లేదు. ఒక చిన్న చదరపు గుఱుతులో ట్యాబుల సంఖ్య మాత్రము కనబడును. అది యొత్తినగాని పుటలు కనబడవు. కంటికి కనబడనిది పెరుగుచుండుట సహజము. ఆండ్రాయిడు ఫోనులోని క్రోములో ఆ సంఖ్య తొంబదితొమ్మిది దాటినచో అంకెకు బదులు ఒక నవ్వుమొగము కనబడును. ఫైరుఫాక్సులో అనంతమను గణితచిహ్నము కనబడును. తయారుచేసినవారు హాస్యమునకై పెట్టినను, లెక్క చెప్పవలసినచోట లెక్క మానుకొని నవ్వుట నాకు రుచింపదు. మన విద్యార్థులలో హెచ్చుమందికి ఇంటియొద్ద కంప్యూటరు లేదు, తండ్రి ఫోనే గతి. ఆ ఫోనులో తండ్రి తెఱచిన భూమిపత్రముల పుటయు, తల్లి తెఱచిన సంఘసభ్యుల పాటల పుటయు, పిల్లవాని పాఠములును ఒకే మూటలో కలిసి యుండును. పిల్లవాడు తన పుట వెదకుచు తండ్రి సగము నింపిన దరఖాస్తును మూసిన, ఆ నింపినదంతయు పోవచ్చును. ఆదివారము ఆరాధన యయిన తరువాత ఐదు నిమిషములు తండ్రియు బిడ్డయు ప్రక్కప్రక్కన కూర్చుండి ఆ చదరపు గుఱుతు నొత్తి, ఏది ఎవరిదో చూచి, అక్కఱలేనివి మూసినచో ఈ చిక్కు తప్పును.

నెట్‌సెంటరులలో దరఖాస్తులు నింపువారు ఇంకొక జాగ్రత్త పడవలెను. ట్యాబులు ముప్పదియై గుఱుతులుగా కుదిసిన యంత్రముపై, తమ ఖాతా తెఱచిన ట్యాబు ఏదో తెలియక అట్లే విడిచి పోవువారు పెక్కుమంది. తరువాత కూర్చుండువాడు మంచివాడగునని నమ్ముట కంటె, లేచుటకు ముందు విండోను మొత్తముగా మూయుట నయము.

మన పాఠశాల కంప్యూటరు గదిలో ఈ మార్పు చేయుటకు ఖర్చేమియు లేదు. ఎడ్జి బ్రౌజరులో ట్యాబుల వరుసపై మౌసు కుడిమీట నొత్తినచో నిలువు ట్యాబులను మాట కనబడును. ఫైరుఫాక్సులో సెట్టింగులలో, బ్రౌజరు అమరిక యను శీర్షిక క్రింద అది యున్నది. క్రోములో కంట్రోలు, షిఫ్టు, ఏ మీటలు కలిపి యొత్తినచో తెఱచిన పుటలన్నియు నిలువు జాబితాగా వచ్చును. ప్రధానోపాధ్యాయులవారి యనుజ్ఞయైనచో జూన్ నెలలో బడి తెఱచునాటికే తొమ్మిది, పది తరగతుల యంత్రములను ఇట్లు సవరింపవచ్చును. ఎనిమిదవ తరగతివారికి పైవరుసయే యుంచి, సంవత్సరాంతమున రెండు తరగతుల ప్రాజెక్టులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును.

మఱియొక మనవి పాఠశాల వెబ్‌సైటు నడుపువారికి. మన సైటులో ప్రతి పుట శీర్షికయు పాఠశాల పూర్తిపేరుతో ప్రారంభమగుచున్నది. పరీక్షల పట్టిక, వసతిగృహపు నియమములు, రుసుముల వివరములు అన్నియు ఒకే మొగముతో నున్నవి. పేరు చివరకు జరిపి విషయమును ముందు పెట్టినచో, ఊరినుండి ఫోనులో చూచు తలిదండ్రులకు వెదకులాట తగ్గును. ఈ సంచిక అచ్చగునాటికి అది జరిగిన సంతోషము.